సైబీరియా కొంగలు కావు, మన చింతచెట్ల మీద పుట్టినవే

ఈ పోస్టు కొంచెం పొడుగు. తీరిక చూసుకుని చదవండి.

ప్రతి ఏడూ వర్షాలు వెనకపట్టే సరికి ఒక వార్త వస్తాది. "తేలినీలాపురానికి సైబీరియా అతిథులు వచ్చేశాయి" అని. తొలకరికి అదే వార్త తేలుకుంచి పేరుతో వస్తాది. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చాయట, పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులట. మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా దాన్నే తిప్పుతుంటాం. వినడానికి బాగానే ఉంటాది. కానీ అది నిజం కాదు. ఆ మాట వల్ల కొంగలకీ నష్టమే, మనకీ నష్టమే అని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

మన భాషలో కాళ్లు పొడుగుండి నీళ్లలో నిలబడే ప్రతి పిట్టా కొంగే. దమ్ము చేస్తుంటే ట్రాక్టరు వెనకాల పడే తెల్లకొంగ ఒక జాతి. నేను చెప్పేది దానికంటే బాగా పెద్దవి, ఇంగ్లీషులో స్టార్క్ అంటారు వీటిని. ఎగిరేటప్పుడు చూడండి, తేడా తెలిసిపోతాది. తెల్లకొంగ మెడ మడిచి భుజాల్లో పెట్టుకుని ఎగురుతాది. ఇవి మెడ ముందుకీ కాళ్లు వెనక్కీ చాపి, బాణంలా పోతాయి. మన జిల్లాకి ముఖ్యంగా రెండు రకాలు. తేలినీలాపురంలో పెలికాన్ అనే గూడబాతుతో కలిసి గూళ్లు కట్టేది ఎర్రకాళ్ల కొంగ. పసుపు ముక్కు, ముఖం మీద నారింజ రంగు బోడి తోలు, తోక దగ్గర ఈకలకి గులాబీ రంగు. తేలుకుంచిలో దిగేది నత్తగుల్ల కొంగ. మాసిన తెలుపు ఒళ్లు, నల్ల రెక్కలు, ముక్కు మధ్యలో సందు.

ఈ రెండూ సైబీరియా ముఖం ఎప్పుడూ చూడలేదు. ఎర్రకాళ్ల కొంగ పాకిస్తాను, మన దేశం, శ్రీలంక నుంచి అటు తూర్పు దేశాల దాకా ఉంటాది. నత్తగుల్ల కొంగ మన దేశం, నేపాలు, బంగ్లాదేశ్, శ్రీలంక, బర్మా, థాయిలాండ్, ఆ పక్క దేశాల్లో ఉంటాది. అంటే వరి పండే ఊళ్లు, వేడి దేశాలు. మంచు పడే చోట వీటికేం పని?

నమ్మకం కుదరకపోతే రైతు బుర్రతో ఒక్క మాట ఆలోచించండి. ఉత్తరాన చలికి తట్టుకోలేక మన దగ్గరకి వలసొచ్చే పక్షి ఇక్కడికి తిండి కోసం వస్తాది. తిని, ఒళ్లు చేసుకుని, ఎండలు ముదిరేసరికి వెనక్కిపోయి అక్కడ గుడ్లు పెడతాది. బాతుల్లో చాలా రకాలు అంతే. మరి తేలినీలాపురంలో ఇవేం చేస్తున్నాయి? పుల్లలు ఏరి గూడు కడుతున్నాయి, గుడ్లు పెడుతున్నాయి, పిల్లల్ని లేపుకుని పోతున్నాయి. గుడ్డు పెట్టిన చోటు పక్షికి సొంతూరు అవుతాది గాని చుట్టపుచూపుకొచ్చిన ఊరు ఎలా అవుతాది?

నిజంగా సైబీరియా నుంచి మన దేశానికి వచ్చే పెద్ద పక్షి ఒకటుండేది. సైబీరియా క్రేన్. రాజస్థాన్‌లో భరత్‌పూర్ బీడు నీళ్లకి వచ్చేది. ఏటా తగ్గుతూ తగ్గుతూ 2002 చలికాలం తర్వాత అక్కడికి రావడమే మానేసింది. ఆ పేరు మాత్రం మన ఊరి కొంగలకి అంటుకుని ఉండిపోయింది.

మరి ఆరు నెలలు కనపడవు కదా, ఎక్కడికి పోతాయి? తిండి దొరికిన చోటికి. ఒక చెరువు ఎండితే ఇంకో చెరువు, ఒక జిల్లాలో కరువైతే ఇంకో జిల్లా. భరత్‌పూర్‌లో కాలికి రింగు తొడిగి వదిలిన నత్తగుల్ల కొంగ ఒకటి సుమారు 800 కిలోమీటర్ల తూర్పున దొరికింది. థాయిలాండ్‌లో రింగు తొడిగింది 1500 కిలోమీటర్లు పడమరగా బంగ్లాదేశ్‌లో దొరికింది. దూరం పోగలవు, పోతాయి. కానీ పోయేది నీళ్ల వెంట. మనవాళ్లు పనుల వెంట విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై పోయి పండక్కి వచ్చినట్టే.

ఇక వాటి బతుకు ఎలాగుంటాదో కొంచెం చెప్తాను. ఇది తెలిస్తేనే తర్వాత చెప్పే మాట అర్థమవుతాది.

కొంగజపం అంటాం కదా, అది తెల్లకొంగకి, బూడిద కొంగకి సరిపోతాది. కదలకుండా నిలబడి, చూసి, పొడుస్తాయి. ఎర్రకాళ్ల కొంగ కంటితో కంటే ముక్కుతో వేటాడతాది. మోకాటి లోతు కూడా లేని నీళ్లలో ముక్కు సగం తెరిచి ముంచి, కొడవలి తిప్పినట్టు అటూ ఇటూ తిప్పుకుంటూ నడుస్తాది. కాలితో బురద కెలుకుతాది. చేప ముక్కుకి తగిలిన క్షణంలో టక్కున మూస్తాది. కాబట్టి దానికి బురద నీళ్లయినా పర్వాలేదు, లోతు నీళ్లు మాత్రం పనికిరావు. పరిగెలు, చేదుపరిగెలు, బొమ్మిడాయి పిల్లలు ఒకచోట చేరే పల్లపు నీళ్లు కావాలి. మన చెరువులు, గెడ్డలు, బీలలు వానాకాలంలో నిండి, తర్వాత మెల్లగా తగ్గుతూ వస్తాయి చూడండి, నీళ్లు తగ్గేకొద్దీ చేప చిక్కబడతాది. సరిగ్గా ఆ రోజులు చూసుకునే దక్షిణాదిలో ఇవి అక్టోబరు వేళకి గూళ్లు మొదలుపెట్టి, ఫిబ్రవరి దాకా, ఒక్కోసారి ఏప్రిల్ దాకా పిల్లల్ని పెంచుతాయి. నెల రోజులు పొదగాలి, ఇంకో రెండు నెలలు మేపాలి. చెరువు నీటి లెక్క మనకంటే వాటికే బాగా తెలుసు.

నత్తగుల్ల కొంగ కథ ఇంకా వింత. ముక్కు రెండు దవడల మధ్యా సందు ఉంటాది, మొన దగ్గర కలుస్తాయి. పోకచెక్క కత్తెరలా నత్తని ఆ సందులో పెట్టి పగలగొడతాదని చాలామంది అనుకుంటారు. పగలగొట్టదు. చిప్పని నేలకి ఆనించి పట్టుకుని, కింది దవడ మొన మూత పక్కనుంచి లోపలికి దూర్చి, చిప్పకి అంటుకున్న కండ తెంపి, మాంసం మొత్తం ఊడలాగుతాది. చిప్ప చిప్పలాగే ఉండిపోతాది. గట్టు మీద బోలు నత్తచిప్పలు కనిపిస్తే ఒకసారి తీసి చూడండి. పుట్టిన పిల్లకి ఈ సందు ఉండదు, ఎదిగేకొద్దీ వస్తాది. పిల్లలకి పెట్టేది దాదాపు మొత్తం నత్తలే. తొలకరికి చేలల్లో, గుంటల్లో నత్త లేస్తాది, వెనకే ఇవీ దిగుతాయి. తేలుకుంచివాళ్లు ఇవి వస్తే వాన ముందున్నట్టే అనుకోవడంలో ఆశ్చర్యం ఏముంది? వాన సరిగ్గా లేని ఏడు ఇవి గూడు కట్టడమే మానుకుంటాయి. మనం నారు పొయ్యడం మానుకున్నట్టే.

గొంతు లేదు వీటికి. పెద్దవి దాదాపు మూగవే. దంపతులు గూట్లో కలుసుకున్నప్పుడు ముక్కులు టకటక కొట్టుకుంటాయి, అదే పలకరింపు. కూతలు కూసేవి ఆకలేసిన పిల్లలే. మగ, ఆడ వంతులేసుకుని పొదుగుతాయి. మధ్యాహ్నం ఎండలో తల్లో తండ్రో రెక్కలు గొడుగులా చాపి పిల్లల మీద నీడ పట్టి నిలబడతాది, గంటల తరబడి. తన కాళ్ల మీద తనే రెట్ట వేసుకుంటాది, ఆ తడి ఆరుతుంటే ఒంటికి చల్లన. అందుకే వేసంగిలో వాటి కాళ్లు సున్నం కొట్టినట్టు ఉంటాయి. పొద్దున్నే ఎగరవు ఎక్కువ. నేల వేడెక్కి గాలి పైకి లేచే వేళ వరకూ ఆగి, ఆ గాలి మీద రెక్క ఆడించకుండా చుట్లు చుట్లుగా పైకి పోయి, అక్కడి నుంచి మేతకి జారుతాయి. ఖర్చు లేని ప్రయాణం.

ఇప్పుడు అసలు మాట.

"అతిథులు" అన్నామంటే ఏమవుతాది? అతిథిని చూసుకునేది ఆతిథ్యం ఇచ్చేవాడు. అంటే ఫారెస్టు వాళ్లు, టూరిజం వాళ్లు. ఒక వాచ్ టవరు కడతారు, ఒక బోర్డు పెడతారు, ఫోటోలు దిగుతారు. మన బాధ్యత అయిపోయింది అనుకుంటాం. పైగా, ఏ కారణం చేతనో ఒక ఏడు రాకపోతే "సైబీరియాలో ఏదో అయ్యుంటాది" అని ఊరుకుంటాం. అక్కడ ఏమీ అవలేదు. అయ్యింది ఇక్కడే. చెట్టు కొట్టేశాం, చెరువు గర్భంలోకి చెక్కలు చెక్కలుగా దున్నుకుంటూ పోయాం, బీల పూడ్చేశాం, లేదా రొయ్యల గుంట తవ్వేశాం. గుంట గట్టు లోపల నీళ్లు లోతు, ఈ కొంగకి కాలు అందదు. పైన వలలు, తాళ్లు. చూడ్డానికి ఎటు చూసినా నీళ్లే, తినడానికి మాత్రం చోటు లేదు.

బీల విలువ మన జిల్లా రైతుకి ఒకరు చెప్పక్కర్లేదు. సోంపేట బీల కోసం 2010 జూలై 14న, కాకరాపల్లి దగ్గర 2011 ఫిబ్రవరి ఆఖరులో పోలీసు కాల్పులకి మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. థర్మల్ కరెంటు ప్లాంట్లు పెడతామన్నప్పుడు ఆ నేలల్ని బీడు భూములని రాశారు. ఏమీ పండని బురద అన్నారు. ఆ బురదలోనే వేలమంది చేపలు పట్టుకు బతుకుతున్నారు, ఆ నీళ్లతోనే చుట్టూ పొలాలు తడుస్తున్నాయి. తేలినీలాపురం కొంగలు మేతకి పోయేదీ నౌపడ చుట్టుపక్కల అలాంటి తంపర నేలలకే. కొంగ కోసం ఎవరూ ఆ రోజు లాఠీ దెబ్బలు తినలేదు, బతుకు కోసం తిన్నారు. కానీ మనం కాపాడుకున్న నీళ్లలోనే అవీ బతుకుతున్నాయి. రెండు పోరాటాలు వేరు వేరని నేను అనుకోను.

ఇక్కడ రైతు మిత్రులు నన్ను అడిగే ప్రశ్నలున్నాయి. దాటెయ్యడం లేదు.

మొదటిది, "ఇవి మన చేలో నత్తలు తింటే పంటకి లాభమా?" మన దేశవాళీ నత్త, కొందరు వండుకునే పెద్ద నత్త, వరికి అంత పెద్ద శత్రువేం కాదు. థాయిలాండ్‌లో మాత్రం దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన బంగారు నత్త వరి నాట్లని తినేస్తుంటే, అక్కడ ఈ కొంగలు దాన్ని తింటూ బాగా పెరిగాయి. మన దగ్గర దాని గురించి గొప్పలు చెప్పుకోనక్కర్లేదు. పశువులకి కార్జంలో జలగ రోగం తెచ్చే నత్త వేరు, అది చిన్న నత్త. ఈ కొంగ వల్ల ఆ రోగం పోతాదని ఎవరైనా చెప్తే నమ్మకండి. లాభం ఉంటేనే బతకనిస్తాం అనే లెక్క నాకు నచ్చదు కూడా. అలాగైతే మన ఇళ్లల్లో సగంమందిమి లెక్కలో తప్పిపోతాం.

రెండోది గుళికలు. ఫోరేటు 2020 డిసెంబరు ఆఖరు నుంచి నిషేధం. అయినా పాత సరుకు అటకల మీద ఉందేమో చూసుకోండి. కార్బోఫ్యూరాన్ 3 శాతం గుళికలు ఇంకా అమ్ముతున్నారు. నీళ్లు నిలిచిన మడిలో జల్లి, ఆ నీళ్లు మదుములోంచి గెడ్డలోకి వదిలేస్తే చేప, కప్ప, వాటిని తినే పక్షి, వరసగా పోతాయి. ఆఫ్రికాలో కెన్యా దేశం బున్యాలా వరి పొలాల్లో వేటగాళ్లు ఇదే మందు నత్తల్లో కూరి, అక్కడి నత్తగుల్ల కొంగల్ని చంపి అమ్మేవారు. తిన్న మనుషుల సంగతి ఆలోచించండి. మందు వెయ్యక తప్పని రోజు ఉంటాది, కాదనను, పురుగు మనల్ని అడిగి రాదు. వేసినాక వారం రోజులు నీళ్లు కట్టడి చెయ్యండి, అంతే అడుగుతున్నా.

మూడోది చెట్టు యజమాని బాధ. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

పక్షి ప్రేమికులు పట్నం నుంచి కెమెరాలు పట్టుకుని వస్తారు, ఆదివారం సాయంత్రానికి పోతారు. ఆ చెట్టు కింద ఇల్లున్నవాడు ఆరు నెలలు ఉండాలి. కుళ్లు చేపల వాసన. పెంకుల మీద, ఆరేసిన బట్టల మీద, కళ్లం మీద రెట్ట. చింతచెట్టయితే పూత, కాయ పాడయి ఆ ఏడు చింతపండు మీద ఆశ వదులుకోవాలి. గూట్లోంచి జారిన పిల్ల వాకిట్లో పడి కొట్టుకుంటుంటే చూడలేక చూడాలి. మా పక్క ఊర్లో ఒకాయనకి ఇలాంటి చింత ఒకటుంది. కలప వ్యాపారి బేరం పెట్టాడు. ఆయన నాతో అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నా: "పక్షులు దేవుడివే, నాను కాదన్ను. మరి నా చింతపండు ఎవుడిస్తాడు బాబూ?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేనివాళ్లకి ఆయన్ని తిట్టే హక్కు లేదు.

జవాబు చెప్పిన ఊళ్లున్నాయి. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరు. ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ తరతరాలుగా ఊరి మధ్యలో చింత, రావి చెట్ల మీద గూళ్లు కడుతున్నాయి. అక్కడ గూళ్లున్న చెట్టు యజమానికి అటవీ శాఖ సొమ్ము ఇచ్చే ఏర్పాటు ఉంది, చెట్టు ఫలసాయం పోతున్నందుకు. రెట్టని ఊరివాళ్లు వదలరు. చెట్ల కింద గుంటలు తీసి, చెరువు మట్టితో కలిపి ఎరువు చేసుకుంటారు. గూట్లోంచి పడ్డ పిల్లల్ని పెంచి వదలడానికి ఊళ్లోనే ఒక బృందం పుట్టింది, హెజ్జార్లె బళగ. గూడబాతుల చుట్టాలు అని అర్థం. చుట్టాలు అనే మాట అక్కడ బాగా అతికింది, ఎందుకంటే ఖర్చు కూడా పంచుకున్నారు.

అస్సాం కథ ఇంకోరకం. అక్కడ హర్‌గిలా అని పెద్ద బోడితల కొంగ ఉంది. ఎముకలు మింగేది అని ఆ పేరు. చెత్తకుప్పల మీద తింటాది, చూపుకి అందం లేదు, అపశకునం అని గూడున్న చెట్లు కొట్టేసేవారు. 2007లో పూర్ణిమా దేవి బర్మన్ అనే ఆమె దాదరా అనే ఊళ్లో పిల్లలున్న గూళ్లతో సహా ఒక కదంబ చెట్టుని కొట్టెయ్యడం చూసింది. అడగబోతే ఆ చెట్టాయన, చుట్టుపక్కలవాళ్లు ఆమె మీదే ఎగిరారట. ఈమె కేసులు పెట్టే దారి పట్టలేదు. ఆ ఊరి ఆడవాళ్లని కలుపుకుంది. గూట్లో పిల్లలైతే సీమంతం చేసినట్టు పండగ చేశారు, చీరల మీద, గమోసాల మీద ఆ కొంగ బొమ్మ నేసి అమ్ముకుని నాలుగు డబ్బులు చూశారు. చెట్టు ఉన్న ఇల్లంటే ఊళ్లో మర్యాద పెరిగింది. ఇప్పుడు వాళ్లని హర్‌గిలా ఆర్మీ అంటారు. 2022లో ఐక్యరాజ్యసమితి వాళ్లు ఆమెకి పెద్ద పురస్కారం ఇచ్చారు. అంతకంటే పెద్ద మాట, అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవాటి పట్టీలోంచి ఆ కొంగని 2023లో రెండు మెట్లు కిందికి దించారు.

రెండు ఊళ్లలోనూ ఒకటి కనిపిస్తాది. భారం చెట్టున్నవాడి ఒక్కడి మీద వదల్లేదు. ఒకచోట ప్రభుత్వం సొమ్మిచ్చింది, ఇంకోచోట ఊరు మర్యాద ఇచ్చింది. మన దగ్గర రెండూ లేవు. మనం ఆయనకి ఇచ్చేది ఉచిత సలహా.

నా ప్రతిపాదన రాస్తున్నా, తప్పొప్పులు మీరు చెప్పండి. గూళ్లున్న ప్రతి చెట్టునీ పంచాయతీ రికార్డులో రాయించాలి. ఆ చెట్టుకి మామూలు ఏడాదిలో ఎంత చింతపండు వస్తాదో ఊళ్లో నలుగురు పెద్దల చేత కట్టించి, ఆ ధర యజమానికి ఏటా ఇవ్వాలి. అటవీ శాఖ ఇచ్చేదాకా అర్జీలు పెడుతూనే ఉండాలి. వాళ్లు కదిలేలోగా చెరువు చేపల వేలం సొమ్ములోంచి కొంత తియ్యొచ్చు. తమాషాగా లేదూ, చేప తినేదీ అదే, అద్దె కట్టేదీ చేపే. చెట్టు కింద రెట్ట మట్టి మీద మొదటి హక్కు ఆయనదే. గూళ్లున్నన్నాళ్లూ ఆ వీధిలో దీపావళి టపాసులు వద్దు. తమిళనాడులో శివగంగ జిల్లా కొల్లుకుడిపట్టి వాళ్లు పక్షుల కోసం టపాసులు కాల్చడం ఎప్పుడో మానేశారు, వాళ్ల పండగ ఏం తక్కువైంది? ఇక కొత్త చెట్లు. కొంగ గూడు కట్టే లావు చెట్టు తయారవ్వడానికి ఒక తరం పడతాది. చెరువు గట్టున చింత, రావి ఇప్పుడు పాతితే మన మనవలు చూస్తారు. ఉపాధి పనుల్లో కొబ్బరికీ జీడికీ గుంటలు తీస్తున్నాం కదా, పది గుంటలు వీటికీ తియ్యొచ్చు.

పక్క ఊరి చింత బేరం ఇంకా తెగలేదు. సంక్రాంతి దాటాక చూద్దామని వ్యాపారి అన్నాడట. అప్పటికి గూళ్లలో పిల్లలుంటాయి. వాళ్ల గ్రామసభలో ఈ సంగతి పెట్టమని ఇద్దరు వార్డు మెంబర్లతో మాట్లాడాను, ఒకాయన సరేనన్నాడు, ఇంకొకాయన నవ్వాడు. మీ ఊర్లో గూళ్లున్న చెట్లుంటే ఏ చెట్టు, ఎవరి దొడ్డి, ఏడాదికి ఎంత ఫలసాయం పోతోంది, కింద రాయండి. పది ఊళ్ల లెక్క చేతిలో ఉంటే అర్జీకి బరువుంటాది. నవ్వినాయనకి కూడా ఆ కాగితమే చూపిస్తాను.